నక్షాలో నేను గీయని గ్రౌండ్

సర్వే ఆఫీసులో చేరబోయే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి, “మేడమ్, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?” అంటుంటారు. ఏం అడుగుతారో నాకు తెలియదు. ఏం అడగరో మాత్రం బాగా తెలుసు. “నీ బల్ల పక్క కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?” అని ఎవరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా కాలనీ ఫుట్‌బాల్ గ్రౌండ్ మట్టిదిబ్బ కిందికి పోయే పరిస్థితి వచ్చేది కాదు.

ఆ గ్రౌండ్ సంగతే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, పెన్షన్ కాగితాల గురించి రాయను. వాటికి యూనియన్ వాళ్లున్నారు, వాళ్లకు వేరే పనీ లేదు. “మరాఠీలో రాయొచ్చుగా, ఇక్కడి పిల్లలు చదువుతారు” అంది మా అమ్మాయి. రాయొచ్చు. కానీ మా కాలనీ ఓదెలు మామ తిట్లు నాకు మరాఠీలో రావు. కూడబలుక్కుని చదువుకోండి, ఏమీ కాదు.

కిటికీ పక్క బల్ల

చంద్రపూర్ జిల్లాలో, రాజురా వైపు ఒక బొగ్గు గనిలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. గని పేరు అనవసరం. ఆడదాన్నయినా కాగితం మీద డ్రాఫ్ట్స్‌మనే. మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టి ఓడిపోయాను. పని ఏమిటంటే నక్షాలు గీయడం. సర్వేయర్లు నేల మీదా నేల కిందా కొలిచి తెచ్చిన అంకెలను గీతలుగా మార్చాలి. పాత నక్షా పాడైతే దాని మీద పల్చటి ట్రేసింగ్ ఫిల్మ్ పరిచి, కింద కనిపించే ప్రతి గీతనూ ఇంకుతో కొత్తగా దిద్దాలి. ఓపిక ఉన్నవాళ్ల పని అంటారు. నాకు ఓపిక లేదు. చెయ్యి మాత్రం వణికేది కాదు, అదే చాలింది.

నా బల్ల ఉత్తరపు కిటికీ పక్కన ఉండేది. బయట బూడిద రంగు మైదానం, దాని వెనక కార్మికుల కాలనీ, కాలనీ దాటితే నాలా, అంటే చిన్న వాగు. తెలంగాణ నుంచి బొగ్గు పనికి వచ్చినవాళ్లు, మా నాన్నలాంటివాళ్లు, ఆ మైదానం చేసుకున్నారు. అక్కడంతా నల్లరేగడి. వానాకాలం దాని మీద ఆడితే కాలు పైకి వస్తుంది, చెప్పు రాదు. అందుకని గని బాయిలర్లు వదిలిన బూడిదను బండ్లకెత్తి తెచ్చి, సెలవు రోజుల్లో పరిచి, తొక్కి తొక్కి నేల చేశారు. ఎవరూ మంజూరు చేయలేదు. ఎవరూ ప్రారంభించలేదు, రిబ్బన్ కత్తిరించలేదు. గోల్ స్తంభాలంటే బొగ్గు టబ్బులు నడిచే పాత పట్టాలు, అంతే.

గీతలు వేసేది ఓదెలు మామ. నాన్నతో పాటు ఒకే జట్టులో బొగ్గు కొట్టినవాడు, కాలనీ టీముకు గోల్‌కీపర్. అండర్‌గ్రౌండ్ గనుల్లో బొగ్గు ధూళి అంటుకుని పేలకుండా దారుల్లో తెల్లటి రాతిపొడి చల్లుతారు. సంచీకి తేమ తగిలి పొడి గడ్డకడితే ఇక గనికి పనికిరాదు, పారేస్తారు. మామ ఆ గడ్డలను ఇంటికి మోసుకొచ్చి, ఎండబెట్టి, రోకలితో దంచేవాడు. చిల్లుల డబ్బాలో పోసుకుని ఆదివారం పొద్దున వంగి నడుస్తూ పోతే, అతని వెనకాల తెల్లగీత పుట్టుకొస్తుండేది.

మొదటి షిఫ్ట్ దిగినవాళ్లు స్నానం కూడా చేయకుండా గ్రౌండ్‌లోకి వచ్చేవాళ్లు. ఒళ్లంతా నలుపు. కాలు తగిలిన చోటల్లా బూడిద లేచి మోకాళ్ల దాకా నిలిచిపోయేది. నా కిటికీలోంచి చూస్తే కాళ్లు లేని మనుషులు తేలుతూ పోతున్నట్టుండేది. ఎండ వాలాక గీతలు నేల మీద కాక, నేలకు జానెడు పైన ఆగి ఉన్నట్టు కనిపించేవి. కిటికీ మూసే ఉంటుంది కాబట్టి అరుపులు వినిపించేవి కావు. బంతి పైకి లేచేది, ఎంతసేపటికీ దిగేది కాదు. ఇదంతా నిజంగా చూశానా, మధ్యాహ్నపు కునుకులో కన్నానా అని ఇప్పటికీ అనుమానం వస్తుంది. కానీ చూశాను. చూశానన్నదే ఇక్కడ నా నేరం.

పెన్సిల్ చుక్కలు

నా మొదటి అధికారి గోడ్బోలే సాహెబ్. ఇస్త్రీ నలగని చొక్కా, తప్పు దొరకని నక్షా. గీత ఎంత మందం ఉండాలో, ఎక్కడ ఆగాలో ఆయనే నేర్పారు. అది ఇప్పటికీ నా చేతిలో ఉంది. ఆయన దగ్గర నేర్చుకుని వెంటనే మరిచిపోవలసింది కూడా ఒకటుంది. అది మరిచిపోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

చేరిన రెండో ఏడాది గని ఉపరితలపు నక్షా నా చేతికిచ్చారు. ఇళ్లు, బావులు, రోడ్లు, కరెంటు స్తంభాలు, గుడి, నీళ్ల ట్యాంకు, అన్నీ దిద్దుకుంటూ వచ్చాను. ఇంకు ఆరిందో లేదో చూద్దామని ఫిల్మ్ ఎత్తి కిటికీకి అడ్డంగా పట్టాను. ఫిల్మ్ వెనకాల ఆట జరుగుతోంది. నేను గీసిన బావికీ ట్యాంకుకీ మధ్య ఖాళీలో మనుషులు నీళ్ల అడుగున ఈదుతున్నట్టు కదులుతున్నారు. ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో తెలియదు, చేతులు నొప్పి పుట్టాయి. మళ్లీ బల్ల మీద పరిచాను. పాత నక్షాలో సరిగ్గా అదే చోట, ఎవరో పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, పక్కన చిన్నగా ‘ఆటస్థలం’ అని రాసి ఉంచారు.

“సాహెబ్, ఇక్కడ పెన్సిల్ చుక్కలున్నాయి. దిద్దనా?” అని అడిగాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి, “పెన్సిల్ అంటే మనిషి అనుమానం, మేడమ్. ఇంకు అంటే ఆఫీసు మాట. అనుమానానికి ఇంకు పూస్తారా?” అన్నారు.

నేను ఎవరితోనైనా వాదించే మనిషిని. కూరగాయలామెతో వాదిస్తాను, రైల్లో టీసీతో వాదిస్తాను. ఒక పూట వాదించకపోతే మా ఇంట్లో నుదురు మీద చెయ్యేసి జ్వరమేమో చూస్తారు. ఆ రోజు వాదించలేదు. ఎందుకంటే అప్పటికి మేం కాలనీ వదిలి చంద్రపూర్‌లో బాబుపేట్‌కి మారాం, నా బస్సు టైమైంది. అంతే. ఇంతకన్నా గౌరవమైన కారణం దొరుకుతుందేమోనని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు. చుక్కలు వదిలేశాను, మూలలో పొడి సంతకం పెట్టాను, బస్సు అందుకున్నాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

తర్వాత ఎవరు ఏ నక్షా చేసినా నాదాన్ని చూసే చేశారు. కాపీ మారిన కొద్దీ ఆ ఖాళీ ఇంకా శుభ్రంగా తయారైంది. ఒక గీత తప్పు గీస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అసలు గీయనిదాన్ని ఎవరు పట్టుకుంటారు? పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మిగతాదంతా మెషీన్ నేర్పుతుంది.

నీలి చారలు

కొన్నేళ్లకు అండర్‌గ్రౌండ్ గని మూతపడింది, దాని పక్కనే ఓపెన్‌కాస్ట్ తెరిచారు. రాతిపొడి సంచీలు రావడం ఆగిపోయింది. గ్రౌండ్ మీద తెల్లగీతలు కూడా ఆగిపోయాయి. ఆట ఆగలేదు. గీతలు లేకుండానే ఆడుకున్నారు, బంతి బయటికి పోయిందా లేదా అని కొట్లాడుకున్నారు. దక్షిణం గోల్ పట్టాలను ఎవరో పీక్కుపోతే రెండు ఇటుకలు పెట్టుకున్నారు. ఓదెలు మామ రిటైరయ్యాడు. నాన్న పోయాడు. నేను రోజూ ఆ పక్క నుంచే ఆఫీసుకు నడిచాను.

ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కావాలంటే దాని మీది మట్టినంతా తీసి ఎక్కడో పోయాలి. అలా పోసిన దిబ్బను మేం డంప్ అంటాం. చంద్రపూర్ చుట్టుపక్కల మీకు కొండల్లా కనిపించేవన్నీ కొండలు కావు. మా డంప్ నిండిపోవచ్చింది, పొడిగించాలని పై నుంచి ప్రతిపాదన వచ్చింది. పొడిగించే చోటును నక్షాలో నీలి చారలతో నింపడం నా పని. అప్పటికి అంతా కంప్యూటరే. మౌస్ ఒక్కసారి నొక్కితే చారలు పడతాయి. నొక్కాను, పడ్డాయి. ఎక్కడ పడ్డాయో అప్పుడు చూశాను. బావికీ నీళ్ల ట్యాంకుకీ మధ్య.

లేచి భోయర్ సాహెబ్ దగ్గరికి పోయాను. మా కొత్త సర్వే ఆఫీసర్, నాకన్నా చాలా చిన్నవాడు, మంచివాడు. మంచివాళ్లతో వాదించడం కష్టం, మధ్యలో టీ తెప్పిస్తారు.

“గ్రౌండా? నక్షాలో ఏమీ లేదే మేడమ్,” అన్నాడు.

“నక్షాలో లేదు సర్, నేల మీద ఉంది.”

“అసలు ట్రేసింగ్ ఎవరు చేశారు?”

“నేనే.”

అతను టీ కప్పు కింద పెట్టాడు. “అయితే తప్పు జరిగిందని రాసివ్వండి. గ్రౌండ్ సర్వే చేసి అంకెలివ్వండి. సోమవారం మీటింగ్. అప్పటికి వస్తే పెడతాను. రాకపోతే ఈ చారలే ఖాయమవుతాయి, తర్వాత మీరూ నేనూ ఎంత అరిచినా టిప్పర్లకు వినబడదు.”

అప్పటికే స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను. ఈ టైములో తన తప్పు తానే రాసిచ్చే పిచ్చిది ఎవరుంటారని ఆఫీసంతా హెచ్చరించింది. హెచ్చరించడంలో మనవాళ్లు ఎప్పుడూ ముందుంటారు. రాశాను. రెండే వాక్యాలు. నిజం చెప్పాలంటే, ఆ రెండు వాక్యాలకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

ఎవరి మూలలో వాళ్లు

ఆదివారం పొద్దున చైన్‌మన్ రాజన్నను వెంటబెట్టుకుని గ్రౌండ్‌కు పోయాను. కొలత తీసే చోట అద్దం కట్టిన కర్ర పట్టుకుని నిలబడటం రాజన్న పని. యంత్రంలోంచి ఆ అద్దాన్ని చూసి దూరం తీయడం ఆ రోజు నా పని, సర్వేయర్ల వెంట తిరిగి నేర్చుకున్నదే. చలికాలం. మంచు, దుమ్ము కలిసి ఎక్కడికక్కడ తెరలు కట్టాయి. యంత్రం నిలబెట్టి చూస్తే కొలవడానికి ఏమీ లేదు. ఉత్తరం వైపు రెండు పట్టాలు, మిగతాదంతా బూడిద. ఒక్క గీతైనా లేదు.

ఆ గీతలు ఎక్కడుండేవో ఆడినవాళ్లకే తెలుసు. వాళ్లను పిలిపించాను. మంచులోంచి ఒక్కొక్కరే వచ్చారు, శాలువాలు కప్పుకుని, దగ్గుకుంటూ. అందరికన్నా ముందు ఓదెలు మామ.

“ఏందే సరోజా, మన గ్రౌండు నక్షాల లేదంట గదనే?”

“లేదు మామా.”

“నువ్వు కిటికీల కూసుంటివి గద. మేం ఆడంగ రోజూ సూస్తుంటివి. కండ్లు కనబడకపాయెనా?”

“కనబడ్డది మామా. గీయలే.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతను పట్టాల వైపు చూస్తూ, “గోల్ ఇడిసిపెట్టిన నాడు నేను గూడ గిట్లనే చెప్తుంటి,” అన్నాడు. “కనబడ్డది, పట్టలే.”

అతని వెనకాల పోశం. ఒకప్పుడు అంచు వెంబడి ఉరికే ఆటగాడు, ఇప్పుడు మోకాలికి పట్టీ. వచ్చీ రాగానే ఒక చోట కర్ర గుచ్చి, “కార్నర్ గీడ!” అన్నాడు.

“గీడ గాదు, నీ తలకాయ. నువ్వు ఆ తుమ్మచెట్టును సూసి చెప్తున్నవు. గప్పుడు తుమ్మచెట్టు యాడిది?” అన్నాడు మామ.

“చెట్టును సూసి గాదు, నా మోకాలును సూసి చెప్తున్న. గీడనే పడ్డ. ఇరవై దినాలు మంచంల ఉన్న.”

“నువ్వు గీత అవతల పడ్డవు. లోపట పడితే ఫౌల్ ఇస్తుండె గదరా!”

“ఇయ్యలే గందుకే గద ఇయ్యాల్టికి నాకు మండుతది!”

రాజన్న కర్ర పట్టుకుని అటూ ఇటూ తిరిగి విసిగిపోయాడు. “అక్కా, వీళ్లది తేలేటట్టు లేదు. మంచు పోయి ఎండొస్తది.”

అప్పుడు అసలు సంగతి బయటపడింది. గ్రౌండ్‌కు ఒకే కొలత ఎన్నడూ లేదు. మనుషులు తక్కువొచ్చిన రోజు మామ చిన్నగా గీసేవాడు, ఎక్కువొస్తే పెద్దగా.

“బల్లార్‌పూర్ టీము అచ్చిననాడయితే ఇంకింత పెద్దగ గీస్తుంటి,” అన్నాడు ఏమాత్రం సిగ్గుపడకుండా. “వాళ్లు ఉరికి ఉరికి సచ్చిపోవాలె గద. మనోళ్లకు బూడిదల అలవాటాయె.”

సర్వేలో నేర్చుకున్నదేదీ దీనికి పనికిరాలేదు. హద్దు ఒకచోట నిలబడదు, గుర్తురాయి లేదు, సాక్షులేమో ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. కాసేపు ఆలోచించి, “కార్నర్లూ గీర్నర్లూ వదిలేయండి,” అన్నాను. “మీరు ఎంత దూరం పోయి ఆడారో, ఎవరికి గుర్తున్న చోట వాళ్లు నిలబడండి. నేను మిమ్మల్నే కొలుస్తా.”

నిలబడ్డారు. మామ పట్టాల మధ్యకు పోయాడు. పోశం తుమ్మచెట్టు దగ్గర, తన మోకాలు పగిలిన చోట. మిగిలినవాళ్లు ఇంకా దూరం పోయారు, మంచులోకి. రాజన్న ఒక్కొక్కరి పక్కకూ పోయి కర్ర నిలబెట్టాడు. నేను యంత్రంలో కన్ను పెట్టాను.

అందులో మనిషి చాలా దగ్గరగా కనిపిస్తాడు, శబ్దం మాత్రం ఉండదు. అడ్డగీత, నిలువుగీత కలిసేచోట మామ ఛాతీ ఉంది. అతను శాలువా తీసి పట్టా మీద వేశాడు. కొంచెం మోకాళ్లు వంచాడు. రెండు చేతులూ పక్కలకు లేచాయి. ఒక్కక్షణం, నేను యంత్రం అటూ ఇటూ తిప్పి చూస్తే, దూరం దూరంగా నిలబడ్డ ఆ ముసలివాళ్లందరి తలలూ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. మధ్యలో బూడిద తప్ప ఏమీ లేదు. తలలు మెల్లగా ఎడమ నుంచి కుడికి కదిలాయి. పోశం ఒక అడుగు ముందుకు వేశాడు.

“పోశం కాకా, కదలకు! కొలత చెడుతుంది!” అని అరిచాను.

“నా దిక్కు అచ్చిందే, ఇడిసిపెట్టమంటవా?” అని అరిచాడు.

ముప్పై ఏళ్లలో ఎన్ని కొలతలు చదివానో లెక్క లేదు. కంటిచూపు మసకబారి, తుడుచుకుని మళ్లీ చదవాల్సి వచ్చిన కొలతలు మాత్రం అవే.

తొంభై డిగ్రీలు

ఆ బిందువులను కలిపితే వచ్చిన ఆకారం చూసి భోయర్ సాహెబ్ నవ్వాడు. ఒకవైపు ఉబ్బింది, ఒక మూల ముడుచుకుంది, ఎవరో పడుకుని లేచిన దుప్పటిలా ఉంది.

“ఫుట్‌బాల్ గ్రౌండ్ ఇలా ఉంటుందా మేడమ్? నాలుగు మూలలూ తొంభై డిగ్రీలు చేసేయండి. మీటింగ్‌లో ఎవరూ ప్రశ్న అడగరు.”

“అడగాలి సర్. అడిగితేనే ఎవరో ఒకరు లేచొచ్చి చూస్తారు. ఇన్నేళ్లూ ఎవరూ అడగకపోబట్టే ఇక్కడిదాకా వచ్చింది.”

“మీరు ప్రతిదానికీ వాదిస్తారు.”

“ఒక్కసారి వాదించలేదు. అదే మీ బల్ల మీదుంది.”

వంకర ఆకారమే మీటింగ్‌కు పోయింది. అనుకున్నట్టే అడిగారు. రెండు జీపుల్లో పెద్ద ఆఫీసర్లు చూడ్డానికి వచ్చారు. కాలనీ పిల్లలు, ఆడపిల్లలు కూడా, వాళ్లను పట్టించుకోకుండా ఆడుతూనే ఉన్నారు. ఒక ఆఫీసర్ ముచ్చటపడి బంతిని తన్నబోయి బూడిదను తన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తెల్లబడింది. ఆయన వంగి దులుపుకుంటూ, “ఇది వదిలేద్దాం. వేరే చోటు చూడండి,” అన్నాడు.

భోయర్ సాహెబ్ జీపు బానెట్ మీద నక్షా పరిచాడు. “నాలా అవతల ఏముంది మేడమ్?”

నేను గెలిచిన సంతోషంలో ఉన్నాను. గ్రౌండ్‌లో మామ నా వైపు చెయ్యి ఊపుతున్నాడు. వంగి నక్షా చూశాను.

“ఖాళీ సర్,” అన్నాను.

నాలా అవతల

గ్రౌండ్ ఇప్పుడు నక్షాలో ఉంది, ఆ వంకర ఆకారంతోనే, ఇంకుతో. పోయి చూడండి, సాయంత్రం ఎప్పుడు పోయినా ఆట ఉంటుంది. సర్వీసులో ఇదొక్కటి నిలబెట్టానని చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా, విరమణ రోజు మైకులో.

విరమణ తర్వాత ఒక పొద్దున, పని లేదు కాబట్టి, నాలా దాటి పోయాను. అంతకుముందు ఎప్పుడూ దాటలేదు. అవతల కొత్త డంప్ అప్పటికే ఎత్తుకు లేచింది. పచ్చిమట్టి, ఇంకా గడ్డి మొలవలేదు, ఎండలో ఎర్రగా, పొగలా కదులుతున్నట్టుంది. దాని అడుగున ఒక కాలిబాట కనిపించింది. నాలా ఒడ్డున మొదలై, రేగు పొదల మధ్య నుంచి, మనిషి అడుగంత వెడల్పుతో, ఏళ్లతరబడి నడిచి నడిచి నున్నబడ్డ బాట. తిన్నగా పోయి దిబ్బలోకి దూరిపోయింది. ఒక్క అంగుళమైనా పక్కకు తిరగలేదు. అటువైపు పని ఉన్నట్టే పోయింది.

గడ్డిమోపు ఎత్తుకుని ఒక ఆమె వస్తోంది. నా వయసే ఉంటుంది.

“ఈ బాట ఎటు పోతదమ్మా?” అని అడిగాను.

“గిప్పుడా? గీడిదాకనే.”

“ఇదివరకు?”

ఆమె మోపు సర్దుకుని మట్టి వైపు చూసింది. “గిప్పుడు అడుగుతున్నవా అక్కా?” అంది. కోపంగా కాదు. తర్వాత బాట దిగి, దిబ్బ అంచు పట్టుకుని చుట్టూ తిరిగే వైపు నడిచింది.

నేను ఆమె వెనకాల నడిచాను. ఎంత చుట్టో చూద్దామనుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. మేమింకా దిబ్బ చుట్టూనే ఉన్నాం.